కుక్కర్‌లో కోడి, బంగాళదుంప చిక్కటి పులుసు: దుంప కరిగిపోతోంది, ముక్క పీచవుతోంది. సాయం చెయ్యండి

బ్రాడీపేట_నాలుగోలైను | శుక్రవారం, ఉదయం 9:12

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. అమ్మ మా అక్క పురుడికి వెళ్ళింది, రెండు నెలల దాకా రాదు. ఇంట్లో నేను, నాన్న, నాయనమ్మ. నాయనమ్మకి 78 ఏళ్ళు. పోయిన నెలలో కింది పళ్ళు మూడు తీయించాం, కట్టుడుపళ్ళు ఇంకా రాలేదు. పప్పన్నం, మజ్జిగన్నం తిని తిని విసిగిపోయింది. మొన్న నన్ను పిలిచి, "నాయనా, చిన్నప్పుడు మా అమ్మ దాకలో కోడికూర, ఉల్లగడ్డలు కలిపి చిక్కగా పులుసు చేసేది. ముక్క నోట్లో పెట్టుకుంటే నమలక్కర్లేదు. అట్టాంటిది ఒక్క పూట పెట్టు" అంది. ఉల్లగడ్డలంటే బంగాళదుంపలే.

రెండుసార్లు ప్రయత్నించాను. 5 లీటర్ల కుక్కర్.

మొదటిసారి బాయిలర్ కోడి కిలో, దుంపలు చిన్న ముక్కలుగా కోసి, అన్నీ ఒకేసారి వేసి 6 విజిళ్ళు. మూత తీస్తే దుంప ఒక్కటి కూడా లేదు, అంతా కలిసిపోయింది. కోడి ముక్క మాత్రం తాడు పోగుల్లా విడిపోయి, నోట్లో ఎండిపోయినట్టుంది. నాయనమ్మ రెండు ముద్దలు తిని పక్కన పెట్టింది.

రెండోసారి నాటుకోడి తెచ్చాను. గసగసాలు, కొబ్బరి రుబ్బి ముందే వేశాను. పావుగంటైనా విజిల్ రాలేదు. మాడు వాసన వచ్చి కట్టేశాను. అడుగంతా నల్లగా పట్టేసింది.

వచ్చే ఆదివారం మా మేనత్త వాళ్ళు కూడా వస్తున్నారు. ఈసారి తప్పకూడదు. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి.

కృష్ణలంక_వంటిల్లు | శుక్రవారం, ఉదయం 9:47

బాబూ, ముందు ఒక మాట. నాయనమ్మ కోసం ఇంత తాపత్రయపడుతున్నావు, చాలా సంతోషంగా ఉంది. నీ రెండు తప్పులూ వేరువేరు, కాబట్టి విడివిడిగా చెబుతాను.

మొదటిసారి నువ్వు చేసింది టైము తప్పు. బాయిలర్ కోడి అంటే ఆరు వారాల పిల్ల. దానికి ఆరు విజిళ్ళు ఏమిటి నాయనా? దుంప చిన్నగా కోస్తే అది నాలుగైదు నిమిషాల్లోనే చిదిగిపోతుంది.

రెండోసారి చేసింది వరస తప్పు. గసగసాల ముద్ద, కొబ్బరి ముద్ద, జీడిపప్పు ముద్ద, ఏదైనా సరే, కుక్కర్ మూత పెట్టకముందు వెయ్యకూడదు. అవి అడుక్కి దిగి కూర్చుంటాయి. మూత తీశాకే వెయ్యాలి.

ఇప్పుడు బ్యాంకు పని మీద బయటికి వెళ్తున్నాను, మధ్యాహ్నం కొలతలతో సహా రాస్తాను.

ఫిజిక్సు_మాస్టారు | శుక్రవారం, ఉదయం 10:30

పై అమ్మగారు చెప్పింది అక్షరాలా నిజం. ఎందుకలా జరుగుతుందో తెలిస్తే ఇంకోసారి పొరపాటు రాదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

మామూలు గిన్నెలో నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఎంత మంట పెట్టినా అంతకంటే వేడెక్కవు, ఆవిరైపోతాయి. కుక్కర్‌లో ఆవిరి బయటికి పోలేక లోపలే ఉండి ఒత్తిడి పెంచుతుంది. వెయిట్ లేచే సమయానికి లోపలి నీళ్ళు దాదాపు 120 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఆ ఇరవై డిగ్రీల తేడానే గంట పనిని పావుగంటకి దించుతుంది.

అయితే ఒత్తిడి రావాలంటే ఆవిరి రావాలి. ఆవిరి రావాలంటే నీళ్ళు పలచగా ఉండి, కిందనుంచి పైకి, పైనుంచి కిందికి తిరగాలి. గసగసాల ముద్ద వేస్తే పులుసు జావలా అవుతుంది. జావ తిరగదు. అడుగునున్నది అక్కడే ఉండి మాడుతుంది, పైన మాత్రం ఆవిరి ఉండదు. మీకు విజిల్ రాకపోవటానికి కారణం అదే.

ఇంకో ముఖ్యమైన సంగతి. విజిళ్ళు లెక్కపెట్టటం కొలత కాదు. మంట పెద్దగా ఉంటే నిమిషానికో విజిల్ వస్తుంది, సిమ్‌లో ఉంటే నాలుగైదు నిమిషాలకి ఒకటి వస్తుంది. మీ ఆరు విజిళ్ళు ఏడు నిమిషాలా, ఇరవై నిమిషాలా మాకు తెలియదు. మొదటి విజిల్ రాగానే సిమ్‌లో పెట్టి, అక్కడినుంచి గడియారం చూడండి. మా ఇంట్లో కుక్కర్‌తో వచ్చిన పుస్తకంలో కూడా నిమిషాలే ఇచ్చారు.

ఈ పరికరం మొదట పుట్టింది కూడా ఇలాంటి పనికే. 1679లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త లండన్‌లో రాయల్ సొసైటీ వాళ్ళకి చూపించింది, ఎముకల్ని సైతం మెత్తబరిచే ఆవిరి పాత్ర. సేఫ్టీ వాల్వు ఆలోచన కూడా ఆయనదే.

తాడేపల్లి_రూమ్‌లో_నలుగురం | శుక్రవారం, ఉదయం 11:05

అన్నా, మాకు దీనికి సరిగ్గా రివర్స్ ప్రాబ్లం. మేం చింతపండు పులుసు పోసి చేశాం. కోడి ఉడికింది కానీ దుంప గట్టిగా, కొరికితే కరకరలాడింది. ఇంకో మూడు విజిళ్ళు పెట్టినా అంతే. దుంపల్లో తేడానా?

ఫిజిక్సు_మాస్టారు | శుక్రవారం, ఉదయం 11:20

దుంపలో తేడా కాదు నాయనా, పులుపు వల్ల. కూరగాయల్లో కణాన్నీ కణాన్నీ అతికించి పట్టే పెక్టిన్ అనే జిగురు ఉంటుంది. ఉడికేటప్పుడు అది కరిగితేనే దుంప మెత్తబడుతుంది. పుల్లటి నీళ్ళలో ఆ జిగురు త్వరగా కరగదు. చింతపండు దుంప ఉడికాకే పొయ్యండి.

పెరుగు, టమాటా కూడా అంతే, కాకపోతే వాటి పులుపు తక్కువ కాబట్టి ప్రభావం కూడా తక్కువ. నిజానికి దుంప చిదిగిపోతోందని బాధపడే వాళ్ళకి రెండు టమాటాలు ముందే వెయ్యటం మేలే చేస్తుంది. ముక్క కాస్త నిలబడుతుంది.

ఉప్పల్_ఆడపడుచు | శుక్రవారం, ఉదయం 11:41

పుట్టిల్లు బెజవాడ, మెట్టినిల్లు హైదరాబాదు. మీ నాయనమ్మగారు ఉల్లగడ్డ అన్నారని చదవగానే నవ్వొచ్చింది, మా అమ్మమ్మ కూడా అలాగే అనేది. నేను పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు "ఆలుగడ్డలు తే" అంటే అర్థం కాక నిలబడ్డాను. చిత్తూరు వైపు ఉర్లగడ్డ అంటారు. ఎవరు ఏ పేరుతో పిలిచినా కోడిపులుసులో అది పడిందంటే ఆ రోజు అన్నం ఒక గరిటె ఎక్కువ పడుతుంది.

దుంప ఎంపిక గురించి ఒక్క మాట. తొక్క పలచగా, గోటితో గీరితే లేచి వచ్చే కొత్త దుంప ముక్క పట్టి ఉంటుంది. కోల్డ్ స్టోరేజీలో నెలల తరబడి ఉన్న దుంప కొంచెం తియ్యగా ఉంటుంది, ఎందుకంటే చలికి అందులోని పిండి కొంత చక్కెరగా మారుతుంది. పచ్చబారిన దుంప, మొలక వచ్చిన దుంప పెద్దవాళ్ళకి అసలు పెట్టకండి.

మిర్చియార్డు_తేజ | శుక్రవారం, మధ్యాహ్నం 12:15

తమ్ముడూ, నేను యార్డులో కమీషన్ కొట్లో పని చేస్తా, కాబట్టి కారం గురించి నేనే చెప్పాలి. ఇంట్లో ఏ కారం వాడుతున్నావో చూసుకో. తేజ రకం అయితే చిన్న కాయ, ఘాటు చాలా ఎక్కువ. నోటిలో పుండ్లు మానకముందు పెద్దామెకి అది పెడితే మంట పుడుతుంది, ఎంత బాగా ఉడికినా తినలేదు. ఇలాంటి పులుసుకి బ్యాడిగి లాంటి ముడత కాయ కారం ఒక వంతు ఎక్కువ, మన సన్నం రకం కాయ కారం ఒక వంతు తక్కువ కలుపుకో. రంగు ఎర్రగా వస్తుంది, మంట ఉండదు.

ఇంకోటి. కారప్పొడి కాగే నూనెలో ఒక్కదాన్నే వెయ్యొద్దు. క్షణంలో నల్లబడి చేదెక్కుతుంది. కోడి నీళ్ళు వదిలాక ఆ నీళ్ళలో వెయ్యి.

కుండకూర_మాత్రమే | శుక్రవారం, మధ్యాహ్నం 12:50

ఎవరూ ఏమీ అనుకోవద్దు. కుక్కర్‌లో కోడికూర వండితే రుచి రాదని నా నమ్మకం. మా ఊళ్ళో కట్టెల పొయ్యి మీద దాకలో, మూత మీద నీళ్ళు పోసి, సన్నని సెగన గంటన్నర మగ్గిస్తాం. కూర అంచుల వెంట నూనె తేలి, ఆ నూనెకి ఒక వాసన వస్తుంది. కుక్కర్‌లో అన్నీ ఉడుకుతాయి కానీ వేగవు. మీ నాయనమ్మగారు అడిగింది దాక కూర. అది కుక్కర్‌లో వస్తుందంటే నేను ఒప్పుకోలేను.

కృష్ణలంక_వంటిల్లు | శుక్రవారం, మధ్యాహ్నం 2:10

కుండకూరగారూ, మీరన్న దాన్లో సగం నేనూ ఒప్పుకుంటాను. కుక్కర్ మూత పెట్టాక ఏదీ వేగదు, ఎర్రబడదు. అందుకే ఆ పని అంతా మూత పెట్టకముందే చెయ్యాలి. చాలామంది అక్కడే తొందరపడతారు. ఉల్లిపాయ పచ్చిగా ఉండగానే నీళ్ళు పోసి మూత బిగిస్తే అది రోగి తినే కూరలా ఉంటుంది. మూత తీశాక పది నిమిషాలు తెరిచి మగ్గిస్తే ఆ నూనె తేలటం కూడా వస్తుంది.

ఇక మిగతా సగం మాత్రం ఒప్పుకోను. మే నెలలో మా కృష్ణలంక వంటింట్లో మధ్యాహ్నం పన్నెండింటికి గంటన్నర పొయ్యి దగ్గర నిలబడమనండి చూద్దాం. గోడలు సెగలు కక్కుతుంటాయి. కుక్కర్ నాకు రుచిలో ఏమీ తగ్గించలేదు, నా ఒంటికి మాత్రం ఎంతో మేలు చేసింది.

బాబూ, ఇదిగో కొలతలు. కిలో బాయిలర్ కోడికి రాస్తున్నాను.

కొట్లో చెప్పేటప్పుడే కూర ముక్కలు కొట్టొద్దని చెప్పు. తొడ, కాలు పెద్ద ముక్కలుగా తీసుకో. ఎందుకంటే కత్తి దెబ్బలకి ఎముక చిట్లి సన్నని సూదుల్లాంటి పెంకులు పులుసులో తేలతాయి. పళ్ళు లేని మనిషి నోట్లోకి అది వెళ్తే నాలుక్కి తెలిసేలోపు గొంతులోకి జారుతుంది. ఇది అన్నిటికంటే ముఖ్యం, గుర్తు పెట్టుకో.

కుక్కర్‌లో నూనె నాలుగు గరిటెలు. చిన్న చెక్క ముక్క, నాలుగు లవంగాలు, మూడు యాలకులు, కరివేపాకు. పెద్ద ఉల్లిపాయలు మూడు సన్నగా తరిగి వెయ్యి. మధ్య మంట మీద పది, పన్నెండు నిమిషాలు. అంచులు ఇటుక రంగుకి రావాలి. అప్పుడు అల్లం వెల్లుల్లి ముద్ద రెండు పెద్ద చెంచాలు. పచ్చివాసన పోయిందో లేదో ముక్కుతో చూడు, గడియారంతో కాదు. పోయాక కోడి, పసుపు, ఉప్పు. ఇక్కడ మంట పెద్దది చెయ్యి. కోడి నీళ్ళు వదులుతుంది, ఆ నీళ్ళు ఇగిరి మళ్ళీ నూనె కనబడేదాకా, ఏడెనిమిది నిమిషాలు తిప్పుతూ ఉండు. కూర రుచి అంతా ఇక్కడే.

ఆ నీళ్ళు ఇంకుతుండగా కారం రెండు చెంచాలు, ధనియాల పొడి రెండు చెంచాలు, తరిగిన టమాటాలు రెండు. టమాటా మెత్తబడ్డాక దుంపలు. మధ్యస్థంగా ఉన్నవి ఐదు తీసుకో, తొక్క తీసి ఒక్కోటి రెండు సగాలే చెయ్యి. అంతకంటే చిన్నగా కొయ్యొద్దు. నీళ్ళు ఒకటిన్నర గ్లాసు. అడుగు ఒకసారి గరిటెతో బాగా గీరు, అంటుకున్నది ఏదైనా ఉంటే నీళ్ళలో కలిసిపోవాలి. మూత, వెయిట్. మొదటి విజిల్‌కి సిమ్, ఆ తరవాత ఐదు నిమిషాలు, కట్టెయ్యి. ఆవిరి దానంతట అది దిగేదాకా ముట్టుకోవద్దు.

గసగసాలు రెండు చెంచాలు నానబెట్టి, చిన్న ఎండుకొబ్బరి ముక్కతో మెత్తగా రుబ్బి పెట్టుకో. మూత తీశాక అది కలిపి, దుంప సగాలు రెండు తీసి గరిటె వెనకతో చిదిమి మళ్ళీ పులుసులో కలుపు. చిక్కదనం అక్కడినుంచే వస్తుంది. మైదా, కార్న్‌ఫ్లోర్ లాంటివేమీ అక్కర్లేదు. సన్న సెగన పది నిమిషాలు. చివర్లో కొత్తిమీర.

బ్రాడీపేట_నాలుగోలైను | శుక్రవారం, మధ్యాహ్నం 2:32

పిన్నిగారూ, చదువుతుంటేనే ధైర్యం వచ్చింది. ప్రింట్ తీసి వంటింటి గోడకి అంటించాను. రెండు డౌట్లు. ఆవిరి దానంతట అది దిగాలంటే పది నిమిషాలు పడుతుంది కదా, వెయిట్ ఎత్తి వదిలేస్తే ఏమవుతుంది? రెండోది, నాటుకోడి అయితే ఎలా? నాయనమ్మ చెప్పింది నాటుకోడే అనుకుంటా, అప్పట్లో బాయిలర్ కోడి లేదు కదా.

ఫిజిక్సు_మాస్టారు | శుక్రవారం, మధ్యాహ్నం 3:05

వెయిట్ ఎత్తితే లోపలి ఒత్తిడి ఒక్కసారి పడిపోతుంది. లోపలి పులుసు అప్పటికి 120 డిగ్రీల దగ్గర ఉంది. ఒత్తిడి పోగానే ఆ వేడికి పులుసంతా ఒక్కసారిగా ఎగసి మరుగుతుంది. ఆ కుదుపుకి ఉడికిన దుంప ముక్కలు ముక్కలవుతుంది, కోడి కండలోని రసం కూడా బయటికి ఉరుకుతుంది. పైగా కారం నీళ్ళు వెయిట్ రంధ్రం నుంచి చిమ్ముతాయి, కళ్ళలో పడితే చాలా ప్రమాదం.

నాటుకోడి ముదురుది అయితే కండలో తెల్లటి పీచు బలంగా ఉంటుంది. అది వేడి నీళ్ళలో నిదానంగా జెల్లీలా మారుతుంది. అలా మారితేనే ముక్క మెత్తబడుతుంది, పులుసు కూడా పెదవులకి అంటుకునేంత చిక్కగా వస్తుంది. బాయిలర్ కోడిలో, ముఖ్యంగా రొమ్ము ముక్కలో, ఆ పీచు తక్కువ. అందుకని ఎక్కువసేపు ఉడికిస్తే మెత్తబడటానికి ఏమీ మిగలదు, ఉన్న తడి కూడా పిండేసినట్టు పోతుంది. మీకు తాడు పోగుల్లా వచ్చింది అందుకే.

కృష్ణలంక_వంటిల్లు | శుక్రవారం, మధ్యాహ్నం 3:20

నాటుకోడికి రెండు విడతలు. మొదటి విడత కోడి ఒక్కటే, రెండు గ్లాసుల నీళ్ళతో, విజిల్ వచ్చాక సిమ్‌లో ఇరవై నిమిషాలు. కోడి మరీ ముదురైతే ఇరవై ఐదు. ఆవిరి దిగాక మూత తీసి ముక్కని వేలితో నొక్కి చూడు. ఎముక దగ్గర కండ జారుతుంటే అప్పుడు దుంపలు వేసి, మళ్ళీ మూత పెట్టి ఐదు నిమిషాలు.

ఆదివారం మాత్రం నాటుకోడి జోలికి వెళ్ళకు. చుట్టాలు వచ్చే రోజు కొత్త ప్రయోగం వద్దు. బాయిలర్ కోడి తొడ ముక్కలతో చెయ్యి.

గవర్నర్‌పేట_రిపేరు | శుక్రవారం, సాయంత్రం 6:40

నేను పాతికేళ్ళుగా మిక్సీలు, కుక్కర్లు బాగు చేస్తున్నాను. కూర గురించి నాకు తెలియదు. కానీ మీ కుక్కర్ మాడిందని రాశారు, పావుగంట విజిల్ రాలేదన్నారు. అది చదివి భయం వేసి రాస్తున్నాను.

మళ్ళీ వాడేముందు వెయిట్ కూర్చునే గొట్టంలోంచి వెలుతురుకి పెట్టి చూడండి. అవతలి వెలుగు కనబడాలి. కనబడకపోతే మసాలా పట్టి మూసుకుపోయిందన్నమాట. సన్న పుల్లతోనో, పాత చీపురుపుల్లతోనో శుభ్రం చేసి నీళ్ళు పోసి చూడండి. సేఫ్టీ వాల్వు నల్లబడిందా, కరిగినట్టుందా చూడండి. ఒకసారి నీళ్ళు లేకుండా మాడిన కుక్కర్‌కి వాల్వు మార్చటం మంచిది, పెద్ద ఖర్చు కాదు. గాస్కెట్ వేలితో లాగితే సాగి మళ్ళీ దగ్గరికి రావాలి. గట్టిపడి పగుళ్ళు కనిపిస్తే కొత్తది వేయించండి. ఆవిరి పక్కనుంచి పోతుంటే విజిల్ ఎప్పటికీ రాదు, లోపల నీళ్ళు మాత్రం ఇంకిపోతాయి.

కుక్కర్‌ని మూడింట రెండు వంతులకి మించి నింపొద్దు. కొత్తది కొనేవాళ్ళు ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2347 అనే అంకె చూసుకోండి. ఇళ్ళలో వాడే కుక్కర్లకి ఆ గుర్తు తప్పనిసరి చేస్తూ కేంద్రం 2020లో ఉత్తర్వు ఇచ్చింది. అయినా ఆ గుర్తు లేని సరుకు నా దగ్గరికి రిపేరుకి వస్తూనే ఉంది. మూత ఎగిరి వంటింటి సీలింగ్‌కి సొట్ట పడిన ఇల్లు నేను కళ్ళారా చూశాను. ఆ తల్లి పక్క గదిలో ఉంది కాబట్టి బతికింది.

బ్రాడీపేట_నాలుగోలైను | శుక్రవారం, రాత్రి 8:15

అన్నా, ఇప్పుడే చూశాను. గొట్టంలో సగం మూసుకుపోయి ఉంది. నల్లటి గసగసాల పెంకు వచ్చింది. నాకు చేతులు చల్లబడ్డాయి. రేపు పొద్దున్నే వాల్వు, గాస్కెట్ రెండూ మార్పిస్తాను. మీరు రాయకపోతే నేను అలాగే పెట్టేసేవాడిని. చాలా థాంక్స్ అన్నా.

సింగ్‌నగర్_మేడపైన | శుక్రవారం, రాత్రి 9:30

మీ చర్చ చదువుతుంటే ఒకటి గుర్తొచ్చింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మా వీధి మునిగినప్పుడు కింది రెండు ఇళ్ళ వాళ్ళతో కలిసి పదకొండు మందిమి మా మేడ మీద ఉన్నాం. పైకి తెచ్చుకోగలిగింది ఒక సిలిండరు, ఒక కుక్కరు, అరబస్తా బియ్యం, ఓ సంచీడు బంగాళదుంపలు. కరెంటు లేదు, తాగే నీళ్ళు కొలిచి పోసుకునేవాళ్ళం. ఆ కుక్కర్లోనే ముందు అన్నం, తరవాత దుంపల పులుసు, కొంచెమే నీళ్ళతో. గ్యాస్ అయిపోతుందేమోనని విజిల్ రాగానే కట్టేసి, లోపలి వేడికే ఉడకనిచ్చేవాళ్ళం. దుంప సగాలుగా కోసి వేస్తే అలాగే ఉడికిపోయేది.

నీళ్ళు తగ్గి ఇల్లు కడుక్కున్నాక మొదటి ఆదివారం ఆ పదకొండు మందిమీ మళ్ళీ కూర్చుని ఇదే కూర చేసుకున్నాం, కోడితో. కింది ఇంటి పెద్దాయన ప్లేటు చేతిలో పట్టుకుని చాలాసేపు తినకుండా కూర్చున్నాడు. మా ఇంట్లో ఇప్పటికీ దాన్ని మేడ కూర అంటాం.

ఉప్పల్_ఆడపడుచు | శుక్రవారం, రాత్రి 9:52

అన్నా, చదివి కళ్ళు చెమర్చాయి. మా చిన్నాన్న వాళ్ళు కూడా అక్కడే ఉండేవారు, మూడు రోజులు ఫోను కలవలేదు.

తాడేపల్లి_రూమ్‌లో_నలుగురం | శనివారం, ఉదయం 8:20

ఇంకో డౌట్. కోడి తెచ్చాక ఎన్నిసార్లు కడగాలి? మా రూమ్‌లో దీనిమీద రోజూ గొడవే.

మైక్రో_చదివిన_అమ్మాయి | శనివారం, ఉదయం 8:45

కుళాయి ధార కింద పెట్టి కడగొద్దు. పచ్చి కోడి మీద ఉండే బాక్టీరియా ఆ నీటి తుంపర్లతో సింకు, పక్కనున్న గ్లాసులు, కొత్తిమీర కట్ట దాకా పోతుంది. కడగటం వల్ల అవి చావవు, కుక్కర్ వేడికే చస్తాయి. మన ఇళ్ళలో కడగకుండా వండమంటే ఎవరూ ఒప్పుకోరని నాకు తెలుసు. కాబట్టి లోతైన గిన్నెలో నీళ్ళు పోసి, పసుపు ఉప్పు వేసి నెమ్మదిగా ఒకసారి కడిగి, ఆ నీళ్ళు చిందకుండా పారబోసి, సింకు సబ్బుతో కడగండి. కోడి కోసిన కత్తితో కొత్తిమీర తరగొద్దు.

కుండకూర_మాత్రమే | శనివారం, ఉదయం 10:10

నిన్న నేను రాసింది తమ్ముణ్ణి నిరుత్సాహపరిచిందేమో అనిపించి మళ్ళీ వచ్చాను. మూత పెట్టకముందు బాగా వేయించి, తీశాక మగ్గిస్తే మేలు అన్న మాట నాకు నచ్చింది. నా వంతుగా ఒకటి చెబుతాను. చివరి పది నిమిషాలు కుక్కర్‌లోనే ఉంచకుండా, మందపాటి గిన్నెలోకో మట్టి దాకలోకో మార్చి మగ్గించు. కుక్కర్ అడుగున వేడి ఒక్కచోటే తగిలి గసగసాలు పట్టేస్తాయి. పైగా అల్యూమినియం కుక్కర్ అయితే టమాటా పులుసు అందులో నిలవ ఉంచకూడదు. దించేముందు రెండు మిరియాలు దంచి వెయ్యి. పెద్దవాళ్ళకి నోరు బాగుంటుంది.

లక్ష్మీపురం_కోడలు | శనివారం, ఉదయం 11:30

మా మామగారికి షుగర్. దుంప పెట్టొచ్చా?

కృష్ణలంక_వంటిల్లు | శనివారం, ఉదయం 11:48

మా ఆయనకి కూడా షుగర్ ఉందమ్మా. మా ఇంట్లో చేసేది చెబుతాను. ఆ పూట అన్నం సగానికి తగ్గించి, దుంప ఒక సగం ముక్క మాత్రం వేస్తాను. మిగతా దుంప బదులు సొరకాయ పెద్ద ముక్కలు మూత తీశాక వేసి ఉడికిస్తాను. ఎంత తినాలన్నది మాత్రం మీ డాక్టర్‌నే అడగండి.

బ్రాడీపేట_నాలుగోలైను | ఆదివారం, మధ్యాహ్నం 3:40

అందరికీ చెప్పాల్సింది చాలా ఉంది. ఇప్పుడే అందరూ పడుకున్నారు.

పొద్దున ఆరున్నరకే వెళ్ళాను. కొట్టతను అలవాటుగా కత్తి ఎత్తాడు, "అన్నా, కొట్టొద్దు, కీలు దగ్గర విడదియ్యి చాలు" అన్నాను. తొడలు, కాళ్ళు కలిపి కిలోన్నర తీసుకున్నాను, మేనత్త వాళ్ళతో కలిపి ఆరుగురం కదా. దుంపలు ఏడు, ఉల్లిపాయలు నాలుగు. వాల్వు, గాస్కెట్ నిన్ననే మార్పించాను.

ఉల్లిపాయ వేయించటానికి పద్నాలుగు నిమిషాలు పట్టింది. ఇంతకుముందు నేను నాలుగు నిమిషాలకే చాలనుకునేవాడిని. కోడి నీళ్ళు వదిలినప్పుడు భయపడ్డాను, కుక్కర్ సగం నీళ్ళే కనిపించాయి. పిన్నిగారు చెప్పినట్టు పెద్ద మంట మీద తిప్పుతూనే ఉన్నాను. నెమ్మదిగా చిటపటలు మొదలై, అంచుల్లో ఎర్రటి నూనె కనబడింది. అప్పుడు వచ్చిన వాసనకి నాన్న హాల్లోంచి లేచి వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఏమీ అనలేదు, నిలబడ్డాడంతే.

నీళ్ళు ఒకటిన్నర గ్లాసే పోశాను. విజిల్ ఆరు నిమిషాలకి వచ్చింది. సిమ్, ఐదు నిమిషాలు, కట్టేశాను. ఆవిరి దిగటానికి పన్నెండు నిమిషాలు. మూత తీస్తే దుంప సగాలు సగాలుగానే ఉన్నాయి! చెంచా ఆనిస్తే దిగుతోంది. పక్కింటి వాళ్ళ దగ్గర మట్టి దాక అడిగి తెచ్చాను, అందులోకి మార్చి గసగసాల ముద్ద, చిదిమిన దుంప వేసి మగ్గించాను. మిరియాలు కూడా వేశాను.

నాయనమ్మ కోసం రెండు తొడలు విడిగా తీసి, ఎముక లాగేసి, కండని వేళ్ళతో తడిమి చూశాను. ఒక సన్నని ఎముక ముక్క దొరికింది, తీసేశాను. అన్నం కొంచెం మెత్తగా వండి, పులుసు పోసి కలిపి ఇచ్చాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. దవడ కదపలేదు. మింగాక, "గసాలు ఇంకాస్త వేగాలి. కానీ మా అమ్మ చేసినట్టే ఉంది" అంది. రెండోసారి పెట్టించుకుంది. మేనత్త ఫోనులో అమ్మకి చూపించింది, అమ్మ అటునుంచి ఏడ్చేసింది.

గసగసాలు ముందు దోరగా వేయించి నానబెట్టాలా పిన్నిగారూ?

కృష్ణలంక_వంటిల్లు | ఆదివారం, సాయంత్రం 4:25

ఆ పెద్దావిడ నాలుక నూటికి నూరు పాళ్ళూ నిజం చెప్పింది బాబూ. నూనె లేకుండా సన్న సెగన, చిటపటమనేదాకా వేయించి, చల్లారాక వేడి నీళ్ళలో అరగంట నానెయ్యి. నేనే రాయటం మర్చిపోయాను. ఆమెకి నా నమస్కారాలు చెప్పు. వీలైతే దాక కూరలో వాళ్ళమ్మగారు ఇంకేం వేసేవారో అడుగు, నాకూ తెలుసుకోవాలని ఉంది.

బ్రాడీపేట_నాలుగోలైను | ఆదివారం, రాత్రి 8:05

అడిగాను. దించేముందు మునగాకు గుప్పెడు వేసేదట. మిగిలిన పులుసు స్టీలు గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టాను. రేపు పొద్దున అట్లు పొయ్యమంది, అందులోకి నంజుకుంటుందట. పిండి ఇప్పుడే రుబ్బి పెట్టాను.